నరహరి తోమిన వెండి పావులు

ముప్పై ఏళ్ళ కిందట ముషీరాబాద్‌లో ఒక వెండి దుకాణం ముందు, పట్టపగలు, నరహరి మొలతాడు కత్తిరించారు.

అప్పుడతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ దుకాణంలో వెండి సామాను తోమి మెరుగు పెట్టడం అతని పని. మెరుగుకు ఇచ్చిన పూజ సామాను వెనక్కి తీసుకున్నవాళ్ళు, దాన్ని ఎదురు దుకాణంలో మళ్ళీ తూకం వేయించారు. పద్దెనిమిది గ్రాములు తక్కువ వచ్చింది. యజమాని ఇంకేమీ ఆలోచించలేదు. తోమింది ఒక్కడే కాబట్టి గీకింది కూడా వాడేనన్నాడు. నరహరి నడుముకు వెండి మొలతాడు ఉండేది. అతని తల్లి బుచ్చవ్వ ఒక ఏడు మిరప పంట బాగా వచ్చినప్పుడు చేయించి కట్టింది. చొక్కా పైకెత్తి దాన్ని లాగి, ముక్కలుగా కత్తిరిస్తూ, త్రాసు పళ్ళేలు సమానమయ్యేదాకా వేశారు. మిగిలిన ముక్క చేతిలో పెట్టి పొమ్మన్నారు. వీధంతా నిలబడి చూసింది. ‘పాపం’ అన్నవాళ్ళు కూడా ముందు ‘దొంగ’ అని, తర్వాతే పాపం అన్నారట.

ఏడాది తర్వాత తూనికల శాఖవాళ్ళు ముద్ర వేయడానికి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ దుకాణంలోని కిలో రాయి అడుగున ఉండాల్సిన సీసం ఎప్పుడో ఊడిపోయింది. తేలికైన ఆ రాయితో, సామాను తీసుకున్ననాడే ఉన్నదానికన్నా ఎక్కువ తూకం రాశారు. ఈ మాట నరహరికి ఎవరూ కబురు చేయలేదు. మెట్టుగూడలో రైల్వే గోదాము దగ్గర మూటలు మోస్తూ, టీ కొట్టులో ఎవరో నవ్వుతూ చెప్పుకుంటుంటే విన్నాడు. టీ సగంలో వదిలేసి ముషీరాబాద్ దాకా నడిచి వెళ్ళాడు. యజమాని అతన్ని గుర్తుపట్టనట్టు ఉండిపోయాడు. నరహరి కాసేపు నిలబడి, తిరిగి నడిచి వచ్చాడు.

ఆ తర్వాత అతను వెండి ముట్టలేదు. మూటలు మోశాడు, అపార్టుమెంటుకు కాపలా ఉన్నాడు, చివరికి ఒక కాంట్రాక్టరు ద్వారా యూనివర్సిటీ క్యాంపస్‌లో, పాత నాణేలూ శాసనాల నకళ్ళూ దాచే ఒక చిన్న విభాగంలో అటెండరుగా చేరాడు. నేనక్కడ కంప్యూటర్ ఆపరేటర్ని. నన్ను తెచ్చింది కూడా ఆ కాంట్రాక్టరే. డిగ్రీ రెండో ఏడు ఆపేశాను. పుస్తకాలు మాత్రం ఆపలేదు. ఆ భవనంలో పుస్తకం తెరిచేవాళ్ళలో జీతం తక్కువవాణ్ణి నేనేనని అప్పట్లో నాకు పొగరు. ఇప్పుడూ కొంత ఉంది.

నరహరికి ఒక అలవాటుండేది. ఎవరి చేతినుంచి ఏది తీసుకున్నా, అందరికీ వినిపించేలా లెక్క చెప్పి తీసుకునేవాడు. “తాళంచెవులు నాలుగు, తీసుకుంటున్న.” “టీ గ్లాసులు ఆరు, ఒకటి అంచు పగిలింది, తీసుకుంటున్న.” తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే. రీసెర్చి పిల్లలు వెనకనుంచి వెక్కిరించేవాళ్ళు. “కాకా, చెప్పులు రెండు, తీసుకుంటున్నవా?” అనేవాళ్ళు. అతను నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. మొలతాడు సంగతి నాకు చెప్పింది అతను కాదు, అతని భార్య రాములమ్మ. బౌద్ధనగర్‌లో వాళ్ళ గదికి ఒకసారి జ్వరం మాత్రలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, అతను నిద్రపోతుంటే, తలుపు దగ్గర నిలబడి మెల్లగా చెప్పింది. “నీకు చెప్పిన్నని అనకు బిడ్డా. ఇంకా మనసుల పెట్టుకుంటడు” అంది.

పోయిన ఏడు జనవరిలో వచ్చాయి ఆ నాణేలు. విభాగంలో చదివి వెళ్ళిన పాత విద్యార్థి ఒకాయన విశాఖపట్నంలో ఉంటాడు, నాణేలు సేకరిస్తాడు. ఆయన కానుకగా పంపాడు. వెండివి, మొత్తం ఆరు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట చలిదేశాల్లో ఎవరో దంతంతో చెక్కిన చదరంగపు పావులను చూసి, ఒక విదేశీ టంకశాల ఈ మధ్యనే ముద్రించినవి. రాజు, రాణి, శకటు, గుర్రం, ఏనుగు, బంటు, ఒక్కోదానికి ఒక్క నాణెం. మన ఏనుగు స్థానంలో వాళ్ళకు ఒక కాపలా సైనికుడుంటాడు. వాడు తన డాలు అంచును పళ్ళతో కొరుకుతుంటాడు. రాణి సింహాసనం మీద కూర్చుని కుడి అరచేతిని చెంపకు ఆనించుకుని ఉంటుంది, ఏదో చెడ్డ కబురు విన్నదానిలా. ఒక్కోటి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో ఉంది, పక్కన ధ్రువపత్రం. ఆ పత్రాల్లోని వివరాలు తెలుగులోకి దించి, అద్దాల బీరువాలో పెట్టే చీటీలు తయారు చేయడం నా పని.

సోమవారం మధ్యాహ్నం కార్యక్రమం. దాత స్వయంగా వస్తున్నాడు. శుక్రవారం సాయంత్రం నాణేలను బీరువాలో అమరుస్తుంటే నరహరి వెనక నిలబడి చూశాడు. మడతల్లో, గీతల్లో, ముఖాల చుట్టూ నల్లగా ఉంది వెండి.

“కాకా, ఈ రాణి పొయ్యి మీదికెళ్ళి దిగొచ్చినట్టున్నది” అన్నాను.

“అవును గదా. ఇవి పంపిన పెద్దసారు వచ్చి చూస్తే ఏమనుకుంటడు?” అన్నాడు.

నేను నవ్వి కంప్యూటర్ ఆపి ఇంటికి వెళ్ళిపోయాను.

సోమవారం పొద్దున చీటీలు పట్టుకుని వెళ్ళి బీరువా ముందు ఆగిపోయాను. ఆరు నాణేలూ తెల్లగా వెలిగిపోతున్నాయి, పెళ్ళిలో పెట్టిన కొత్త కంచాల్లా. నలుపు చుక్క కూడా లేదు. రాణి చెంప మీది వేళ్ళ మధ్య నీడే లేదు. వేళ్ళన్నీ కలిసిపోయి ఒక తెల్లటి మచ్చగా కనబడుతున్నాయి.

నరహరి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆ రోజు అతని ముఖంలో ఉన్నది నేనంతకు ముందు చూడలేదు.

“శనివారం వచ్చి చేసిన. మేడం ఇచ్చిన బీరువా తాళం నా దగ్గర్నే ఉంటది గదా. కుంకుడుకాయ రసంల నానవెట్టి, విభూతి అద్ది, మెత్తటి బ్రష్‌తోని తోమిన. ఒక్క గీత పడలే, చూడు. ముప్పై ఏండ్ల సంది ముట్టలే శ్రావణ్, చేతులు మర్శిపోలే.”

“కాకా, అది మురికి కాదు.”

“ఏంది?”

“ఆ నలుపు వాళ్ళు కావాలని పెట్టింది. పాత వస్తువులెక్క కనబడాలని. సేకరించేవాళ్ళు ఇట్లాంటి నాణేన్ని వేలితో కూడా ముట్టరు. నలుపు పోతే దాని విలువ పోయినట్టే.”

అతను నన్ను చూశాడు, నాణేలను చూశాడు. “వెండికి నలుపు కావాలని ఎవడు పెడ్తడు రా?” అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. నిజంగానే అడిగాడు. వెండి నల్లబడితే ఇంటివాళ్ళు సిగ్గుపడతారని, మెరుగు పెట్టేవాడి బతుకంతా ఆ సిగ్గు మీదనే నడుస్తుందని అతనికి తెలుసు. నా దగ్గర ఉన్నది పుస్తకంలో చదివిన జవాబు ఒక్కటే. ధ్రువపత్రం మీది బొమ్మ చూపించాను. నల్లటి మడతలతో రాణి. అతను చాలాసేపు చూసి, నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. విభాగంలో అతను కుర్చీలో కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

పది గంటలకు విభాగాధిపతి సుధామయి మేడం వచ్చింది, వెంట అసిస్టెంట్ ప్రొఫెసర్ సాత్విక్. సాత్విక్ బీరువాలోకి వంగి, ఫోన్‌లోని ఫోటోలు తీసి పోల్చి చూశాడు.

“మేడం, ఇవి ఆ కాయిన్స్ కావు.”

“అదేంటి?”

“చూడండి. ఫినిష్ వేరు. డబ్బీలు కూడా తెరిచినట్టున్నాయి. ఎవరో మార్చేశారు.”

మేడం గడియారం చూసుకుంది. దాత రావడానికి ఐదు గంటలుంది. “తాళం ఎవరి దగ్గరుంది?” అంది.

“నా దగ్గర మేడం” అన్నాడు నరహరి. “మార్చలే మేడం. తోమిన. నల్లగున్నయని తోమిన.”

“తోమావా? ఎవరు తోమమన్నారు నిన్ను?”

పొయ్యి మీది రాణి అన్నది నేనే. అదొక్క మాట చెబితే అతని మీది బరువు కొంత తగ్గేది. కానీ ఆ మార్చిలో నా కాంట్రాక్టు అయిపోతుంది. నేను కీబోర్డు వైపు చూశాను. పుస్తకాలు చదివిన పొగరు అక్కడ నాకెందుకూ పనికిరాలేదు.

“ఎవరు అనలే మేడం. నేనే.”

సాత్విక్ నవ్వాడు. “భలే చెబుతున్నాడు. వెండి పని చేసినవాడివంట గదా నువ్వు? ఇలాంటి బిళ్ళలు పోత పోయించడం నీకెంతసేపు?”

నరహరి వెండి పని చేశాడన్న మాట ఆయనకు ఎలా తెలిసిందో నాకు తెలీదు. క్యాంపస్‌లో మంచి మాట మెట్లెక్కదు గానీ, ఇలాంటివి లిఫ్టులో వెళతాయి. నరహరి రెండు చేతులూ నడుము దగ్గర పెట్టుకుని ఉన్నాడు, చొక్కా అంచు గట్టిగా పట్టుకుని.

“తూకం పెట్టున్రి” అన్నాడు. “కాగితం మీద బరువు రాసి ఉన్నది గదా. తూకం పెట్టున్రి.”

ఒక్కోటి అరవై రెండు పాయింట్ రెండు గ్రాములని, స్వచ్ఛమైన వెండి అని ధ్రువపత్రంలో ఉంది. వెండి అవునో కాదో కూడా చూడాలి కాబట్టి తార్నాకలో నగల దుకాణానికే పోదామంది మేడం. నాణేల పెట్టె సాత్విక్ పట్టుకున్నాడు. ఆటోలో మేడం, సాత్విక్ వెనక కూర్చున్నారు, నేను వాళ్ళ పక్కన ఇరుక్కున్నాను. నరహరి డ్రైవరు పక్కన ఒక అంచు మీద కూర్చుని, రెండు అరచేతులూ పైకి కనిపించేలా మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మలుపుల్లో కూడా దేన్నీ పట్టుకోలేదు. స్పీడ్ బ్రేకరు దగ్గర ఎగిరి పడబోయాడు.

“గట్టిగ పట్టుకో పెద్దమనిషీ, పడితే నా పాణం మీదికొస్తది” అని డ్రైవరు అరిచాడు. నరహరి అరచేతులు తిప్పలేదు.

దుకాణం వెంకటేశంది. తార్నాక చౌరస్తా నుంచి లోపలికి పోయే గల్లీలో, ఒక గది, ఒక ఫ్యాను, ఒక ఎలక్ట్రానిక్ కాటా. అరవై దాటిన మనిషి. మేడం విషయం చెప్పగానే పెట్టె కోసం చేయి చాపాడు.

“ఆగున్రి” అన్నాడు నరహరి. “ముందు మీ కాటా చూపియ్యున్రి.”

“ఏంది?”

“కాటా సరిగ్గున్నదో లేదో. ముందు తెలిసిన బరువు ఏదన్న పెట్టున్రి.”

వెంకటేశం కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. “నలభై ఏండ్ల సంది గీడ కూసున్న. నా కాటాను అడిగినోడు లేడు. ఎవరయ్యా నువ్వు?”

“దొంగతనం నా మీద పెట్టిన్రు. అందుకని అడుగుతున్న.”

వెంకటేశం గల్లా తెరిచి, సీలు తీయని యాభై గ్రాముల వెండి కడ్డీ తీశాడు. “గిది నీ కండ్ల ముందే” అంటూ సీలు చించి కాటా మీద పెట్టాడు. యాభై, పక్కన రెండు సున్నాలు. నరహరి వంగి ఆ అంకెలు ఒకటికి రెండుసార్లు చదివి, అప్పుడు తల ఊపాడు.

రాజు, అరవై రెండు పాయింట్ రెండు నాలుగు. రాణి, రెండు మూడు. శకటు, రెండు రెండు. ఒక్కో నాణెం పెట్టినప్పుడల్లా వెంకటేశం గీటురాయి మీద అంచు తాకించి చూసి, “అసల్ వెండి” అనేవాడు. గుర్రం రెండు మూడు. డాలు కొరికే సైనికుడు రెండు ఒకటి. చివర బంటు.

అరవై రెండు పాయింట్ ఒకటి తొమ్మిది.

“చూశారా? తక్కువ” అన్నాడు సాత్విక్.

నరహరి చేతులు మళ్ళీ నడుము దగ్గరికి వెళ్ళాయి. అందరం ఆ అంకెనే చూస్తున్నాం. అది ఒకటి ఎనిమిదికి దిగింది, తొమ్మిదికి ఎక్కింది, మళ్ళీ ఎనిమిది. ఈ మనిషిని రెండోసారి కూడా గ్రాములో వందో వంతు ముంచేస్తుందా అనుకున్నాను. నాకు వెంకటేశం మీద, కాటా మీద, అన్నిటికన్నా నా మీద కోపం వచ్చింది.

“సార్, జరంత జరుగున్రి” అన్నాడు వెంకటేశం. “మీరు కొట్టే ఊపిరికే మారుతది గీ కాటా.” లేచి ఫ్యాను స్విచ్చి ఆపాడు. రెక్కలు నెమ్మదించి ఆగాయి. నాణెం తీసి, కాటాను సున్నాకు తెచ్చి, మళ్ళీ పెట్టాడు.

అరవై రెండు పాయింట్ రెండు ఒకటి. అది కదల్లేదు.

“పక్కా” అన్నాడు వెంకటేశం. నాణేన్ని వెలుగులో తిప్పి చూశాడు. “ఎవరు తోమిన్రు గివి? ఒక్క గీత లేదు.”

“నేనే” అన్నాడు నరహరి. అన్నాక గుమ్మం బయటికి వెళ్ళి, గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

మధ్యాహ్నం కార్యక్రమం జరిగింది. వచ్చినవాళ్ళంతా ఎంత బాగా మెరుస్తున్నాయో అన్నారు. దాత మాత్రం బీరువా ముందు చాలాసేపు నిలబడి, “వీటిని ఎవరు తోమారు?” అని అడిగాడు. మేడం ఏదో చెప్పబోయింది. టీ పళ్ళెం పట్టుకుని ఉన్న నరహరి, “నేనే సార్, తెల్వక” అన్నాడు. దాత అతని వైపు చూడలేదు. “ఇప్పుడివి ఉత్త వెండి బిళ్ళలు” అని మేడంతో అన్నాడు, టీ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

నెలాఖరుకు నరహరిని పంపేశారు. కాంట్రాక్టరుకు వెళ్ళిన ఉత్తరం టైపు చేసింది నేనే. ‘సేవలు అవసరం లేదు’ అని ఒకే వాక్యం. కారణం లేదు. ఆ రోజు అతను మేడం గది ముందు నిలబడి ఒకే ఒకటి అడిగాడు.

“మేడం, పని పోతే పోనియ్యున్రి. తూకం సరిపోయిందని ఒక కాయితం రాసియ్యున్రి.”

“ఎందుకది? నిన్నెవరూ దొంగ అనలేదుగా నరహరీ.”

“అన్నరు మేడం.”

“సాత్విక్ ఏదో కంగారులో అన్నాడు. కాగితం రాస్తే లేనిపోని గొడవ. అసలేం జరిగిందని అడుగుతారు. అర్థం చేసుకో.”

“ఆరు బిళ్ళలు, ఆరిటికి తూకం సరి. గంతే మేడం.”

ఆమె చెడ్డ మనిషి కాదు. అది నాకు తెలుసు కాబట్టే ఎక్కువ మండింది. చెడ్డవాళ్ళయితే తిట్టుకోవచ్చు. ఆమె ఫైలు తెరిచి చదువుతున్నట్టు తల వంచుకుంది. నరహరి తాళంచెవులు నాలుగూ బల్ల మీద పెట్టి, “నాలుగు, ఇచ్చిన” అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతను ఎక్కడా పనికి కుదరలేదు. క్యాంపస్‌లో ఏదో వెండి పోయిందట అనే మాట అతనికన్నా ముందే వెళ్ళేది. ఒక అపార్టుమెంటులో రెండు రోజులు కాపలా ఉన్నాక, తెలిసినవాళ్ళెవరో చెప్పారని వద్దన్నారు. వెంకటేశం మెరుగు పనికి రమ్మని కబురు పెడితే వెళ్ళలేదట. రాములమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. “కాయితం లేకుంట కాటా ఉన్న కాడ కూసోనంటుండు. రాత్రంతా లేచి కూసుంటడు. నువ్వన్న రాసియ్యి బిడ్డా, ఎవరి సంతకమైతేంది.”

నేను రాశాను. కంప్యూటర్‌లో, తెలుగులో. ఫలానా రోజున, తార్నాకలో, ఇందరి ఎదుట, ఆరు వెండి నాణేలు తూకం వేయగా ధ్రువపత్రంలోని బరువుతో సరిపోయాయని, నరహరి మీద ఏ అనుమానమూ లేదని. మేడం సంతకానికి జాగా వదిలి ఆమె బల్ల మీద పెట్టాను. వారం తర్వాత అది అలాగే తిరిగి నా బల్ల మీద ఉంది. పారేయలేదు, సంతకమూ పెట్టలేదు. నాకు వెంకటేశం గుర్తొచ్చి, కాగితం తీసుకుని దుకాణానికి వెళ్ళాను. ఆయన తన దుకాణం ముద్ర వేసి కింద సంతకం చేశాడు. సాక్షిగా నేను కూడా చేశాను. మార్చి దగ్గరికొస్తోంది.

ఫిబ్రవరి చివర్లో తార్నాక బస్టాపులో కలిశాడు. చొక్కా భుజాల మీద వదులయింది. కాగితం ఇచ్చాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. అతను ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివాడు. సంతకాల దగ్గర ఆగాడు. మేడం జాగా ఖాళీ. నాకు అప్పుడు ఉండబట్టలేదు.

“కాకా, ఆ రోజు రాణి నల్లగున్నదన్నది నేనే. మేడం అడిగినప్పుడు చెప్పలేదు.”

“తెలుసు” అన్నాడు. “నువ్వు అనకున్నా తోముతుంటి. నల్లగ కనవడ్డది గదా.”

కాగితాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాడు. తర్వాత మడవకుండా నా చేతిలోనే పెట్టాడు.

“మేడం ఎట్ల పెడ్తది సంతకం? దీంట్ల తోమి కరాబు చేసింది నరహరే అని ఏడ రాసినవ్? అది గూడ రాయి. చేసింది రాయకుంటే, చెయ్యలేదన్నది ఎవడు నమ్ముతడు బిడ్డా? రాసి, మల్ల తీస్కపోయి ఆమె ముందట పెట్టు.”